జనానా బెంచీ మీద చెప్పిన మాట

హిందీ సినిమా ఆడినప్పుడు జనానాలో తెలుగు చెప్పే పని నాకు ఎప్పుడు మొదలైందో గుర్తు లేదు. బోధన్‌లో మేము వెళ్ళే టాకీసుకు రేకుల కప్పు ఉండేది. ఆడవాళ్ళు కూర్చునే భాగాన్ని జనానా అనేవాళ్ళు. నడుమెత్తు గోడ, దాని మీద ఒక పరదా, నాలుగు వరసల బెంచీలు. బజారు ఉర్దూ మా అందరికీ వచ్చు, కూరగాయలు బేరం చేసేటంత, కోపం వస్తే తిట్టేటంత. సినిమాలో మాటలు వేరు. మనిషి ఒక్కడే నిలబడి తన మనసుతో తాను మాట్లాడుకునే చోటికి వచ్చేసరికి అందరూ నా వైపు తిరిగేవాళ్ళు. "ఏమంటుండు టీచరమ్మా?" నేను మిషన్ బడిలో టీచర్ని. పుస్తకాలు చదువుతానని వాడలో పేరు. అడిగితే చెప్పేదాన్ని. అలా చెప్పడం నాకు ఇష్టంగా ఉండేది. ఆ సంగతి ముందే ఒప్పుకుంటున్నాను.

ఆ సినిమా పేరు రాయను. మనుషుల పేర్లు కూడా రాయను. ఎందుకో చదివితే తెలుస్తుంది.

బోధన్ అంటే అందరికీ పెద్ద ఫ్యాక్టరీ గుర్తొస్తుంది. నేను చెప్పేది దాని సంగతి కాదు. చెరుకు పొలాల మధ్య ఒక చిన్న ఖండసారి మిల్లు ఉండేది. రసాన్ని పెద్ద పెనాల్లో కాచి చక్కెర తీసేవాళ్ళు. ఇప్పుడు ఆ మిల్లు లేదు. అక్కడ మా పెదనాయన కొడుకు పాకం చూసే మనిషి. రసం మరుగుతుంటే గరిటెతో కొంచెం తీసి, ఒక్కసారి ఊది, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి విడదీసేవాడు. తీగ ఎంత సాగిందో చూసి పెనం దించమని చెప్పేవాడు. కాస్త ముందు దించినా, కాస్త ఆలస్యమైనా ఆ పెనం పాడు. మిల్లులో మేనేజరు తర్వాత అంత మర్యాద దక్కేది ఈ అన్నకే.

మిల్లు చలికాలంలో మొదలై ఎండలు ముదిరేదాకా నడిచేది. ప్రతి మనిషికీ నంబరు కొట్టిన ఇత్తడి బిల్ల ఒకటి ఇచ్చేవాళ్ళు. ఒక సీజను రాకపోతే ఆ నంబరు ఇంకొకరికి పోతుంది. అందుకని ఎవరికైనా జబ్బు చేస్తే తమ్ముడో బామ్మర్దో ఆ బిల్ల పట్టుకొని గేటు దగ్గర నిలబడేవాడు. హాజరు పిలిచినప్పుడు బిల్ల ఎవరిదో ఆ పేరుకే పలికేవాడు. దాన్ని పేరు మీద పని అనేవాళ్ళు. ఇది మేనేజరుతో సహా అందరికీ తెలుసు. తప్పని ఎవరూ అనుకోలేదు.

ఒక సీజను చివర అన్న మా ఇంటికి వచ్చి చెయ్యి చూపించాడు. వేళ్ళ కొసలు కాలి బొబ్బలెక్కి ఉన్నాయి.

"ఎప్పుడు కాలిందన్నా?" అన్నాను.

"గదే తెల్వలే. కాలినప్పుడు నాకు ఎరుకనే కాలే."

మిషన్ నర్సు చూసింది. నన్ను పక్కకు పిలిచి చెప్పింది. కుష్టు. మందు ఉంది, నయమవుతుంది, కానీ కొన్నేళ్ళు పడుతుంది, ముందు కొన్నాళ్ళు దవాఖానలో ఉండాలి అంది. కుష్టురోగిని ప్రభువు ముట్టుకున్న సంగతి మేము చర్చిలో ప్రతి ఏడూ వినేవాళ్ళం. అయినా ఆ జబ్బు ఉన్న ఇంటి కుండను నల్లా దగ్గర పెట్టనిచ్చేవాళ్ళు కాదు. ఆ ఇంటి పిల్లల్ని ఎవరూ చేసుకునేవాళ్ళు కాదు. అన్నకు ఇద్దరు ఆడపిల్లలు.

అందుకని నలుగురికే తెలియాలని అనుకున్నాం. అన్న, వదిన, నేను, నా తమ్ముడు. పిల్లలకు కూడా చెప్పలేదు. నిజామాబాద్ అవతల కుష్టు దవాఖానలో అన్నను చేర్పించి వచ్చి, భీవండిలో మగ్గాల పనికి పోయాడని చెప్పాం. మా వైపు నుంచి ఎందరో పోతుండేవాళ్ళు కాబట్టి ఎవరూ మళ్ళీ అడగలేదు. చలికాలం రాగానే తమ్ముడు అన్న బిల్ల తీసుకొని మిల్లుకు వెళ్ళాడు.

బాపు, అవ్వ అప్పటికే లేరు. నేనూ తమ్ముడూ ఒక ఇంట్లో ఉండేవాళ్ళం. వాడు అంతకుముందు మిల్లు ఆవరణలో చెరుకు బండ్లు దించేవాడు. పాకం చూడటం అన్న దగ్గరే కొంచెం నేర్చుకున్నాడు. మొదట్లో రెండు పెనాలు పాడుచేశాడు. సంక్రాంతి దాటేసరికి చెయ్యి కుదిరింది. రెండో సీజనుకు మిల్లువాళ్ళు, "వాళ్ళ అన్న కంటే మంచిగ తీస్తుండు" అనడం మొదలుపెట్టారు. ఆ మాట నాకు చేరినప్పుడు సంతోషపడ్డాను.

ఆ రెండో సీజనులోనే ఆ సినిమా వచ్చింది.

కథ చెబుతాను. కొండల ఊళ్ళో ఒక డాక్టరు, అతని దగ్గర ఒక గుమాస్తా. ఇద్దరూ ఒకే వయసువాళ్ళు, ఒకే బడిలో చదివినవాళ్ళు. డాక్టరు నవ్వుతూ మాట్లాడే మనిషి, అందరూ అతని చుట్టూ చేరతారు. గుమాస్తా చూస్తుంటాడు. అతని దువ్వెన తీసి తన తల దువ్వుకుంటాడు. అద్దం ముందు నిలబడి అతనిలా నవ్వడం నేర్చుకుంటాడు. తర్వాత ఇద్దరూ వానలో ఎక్కడికో బయల్దేరతారు. ఆ పైన తెర మీద గుమాస్తా ఒక్కడే వేరే ఊళ్ళో దిగుతాడు, చేతిలో డాక్టరు సంచితో. అక్కడివాళ్ళు అతన్ని డాక్టరు పేరుతో పిలుస్తారు. ఒక్క క్షణం ఆగి, పలుకుతాడు.

అక్కడ జనానా అంతా గందరగోళం. డాక్టరు ఎటు పోయాడు, వీడు డాక్టరు ఎట్లయ్యాడు అని నాలుగు వైపుల నుంచీ అడిగారు. పక్కింటి ముసలవ్వ నా భుజం పట్టి ఊపింది. "ఇద్దరు ఒక్కడేనా బిడ్డా? నాకు సమజ్ కాలే."

తొందరగా అర్థం కావాలని నాకు తట్టిన మాట చెప్పాను.

"కాదవ్వా. గీడు డాక్టరు కాదు. డాక్టరు పేరు మీద పని చేస్తుండు. మన మిల్లుల చేస్తరు చూడు, గట్ల."

"ఆఁ, గట్లనా" అన్నారు. అందరికీ ఒక్కసారే అర్థమైంది. నా వెనక వరసలో గాజుల దుకాణం ఆమె ఉంది. "మీ తమ్ముని లెక్క అన్నట్టు" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

సగం సినిమా అయ్యాక పల్లీలవాడు వచ్చిపోయాడు. రెండో సగంలో ఆ వాన మళ్ళీ చూపించారు. వాగు మీద కర్ర వంతెన విరిగి డాక్టరు వేలాడుతుంటాడు. గుమాస్తా ఒడ్డున ఉంటాడు. చెయ్యి చాస్తే అందుతుంది. చెయ్యి ఎత్తుతాడు కూడా. తర్వాత దించి, చొక్కా జేబులో పెట్టుకుంటాడు. ఆ చెయ్యిని చాలాసేపు చూపించారు. జనానాలో ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. అందులో తెలుగు చెప్పాల్సింది ఏమీ లేదు.

చివర డాక్టరు తల్లి వస్తుంది. ఆమెకు చూపు లేదు. గుమాస్తా చేతులు తన చేతుల్లోకి తీసుకొని తడిమి, "సన్నబడ్డావు కొడుకా" అంటుంది. అతను ఆమె కాళ్ళ దగ్గర కూర్చొని ఏడుస్తాడు. పోలీసులు తలుపు కొడతారు. అంతే.

బయటికి వస్తూ అందరూ ఆ తల్లి గురించే మాట్లాడుకున్నారు.

"కన్నతల్లికి తెల్వదా? చేతులు వట్టుకున్నంక సుత తెల్వదా?" అంది ముసలవ్వ.

"తెలిసే ఊకున్నది" అంది గాజులామె. "ఒక్క కొడుకు పాయె, గీన్ని గూడ పోగొట్టుకుంటదా?"

"నేనైతే గల్ల వట్టి అడుగుదు."

"నీకు కండ్లు మంచిగున్నయి గనుక అడుగుతవు."

మగవాళ్ళ వాదన వేరు. నెట్టలేదు కాబట్టి కేసు నిలబడదని కొందరు, చెయ్యి జేబులో పెట్టుకున్నదే సాక్ష్యమని కొందరు. అతని వైద్యంతో ఊళ్ళో ఎంతమంది బతికారో చూడరా అని ఒకాయన అంటే, "అయితే నీ పెండ్లానికి నొప్పులొస్తే గుమాస్తాను పిలుస్తవా?" అని ఇంకొకాయన అడిగాడు. చాలా రోజులకు ఒక సినిమా గురించి ఇంత మాట్లాడుకుంటున్నారని నాకు బాగానే అనిపించింది.

సినిమా నెలన్నర ఆడింది. చూసినవాళ్ళే మళ్ళీ చూశారు. నల్లా దగ్గర, బడి గోడ దగ్గర, చర్చి అయిపోయాక చెట్టు కింద అదే మాట. కానీ మాట కొంచెం కొంచెం జరిగింది. గుమాస్తాకు ఈర్ష్య ఎప్పుడు పుట్టిందన్నది మొదటి వారం వాదన. రెండో వారానికి, మనుషులకు ఈర్ష్య దగ్గరివాళ్ళ మీదనే పుడుతుందని అందరూ ఒప్పుకున్నారు. తర్వాత ఎవరో అన్నారట, బండ్లు దించేవానికి పాకం పని మీద కన్ను ఉండదా అని. ఇంకెవరో, భీవండి పోయినవాడు రెండేళ్ళలో ఒక్క ఉత్తరం రాయలేదేమని. భీవండి నుంచి వచ్చిన ఒకతన్ని పట్టుకొని అడిగారట. "గంత పెద్ద ఊర్ల ఎవలెవలు కనవడ్తరు, నాకైతే కనవడలే" అన్నాడట. వాళ్ళకు కావలసింది దొరికింది.

ఇదంతా ముసలవ్వే నాకు చెప్పింది, గుమ్మంలో కూర్చొని, నా మొహం చూడకుండా. "నువ్వు చెప్పిన మాటనే తిప్పి తిప్పి అంటుండ్రు బిడ్డా."

"నేను గట్ల అన్లే అవ్వా."

"అన్లేదు. గని నువ్వు చెప్పినంకనే గదా మాకు సమజైంది."

నేను ఒక్క వాక్యం చెబితే చాలు. అన్న బతికే ఉన్నాడు, బస్సెక్కితే సాయంత్రానికి చూసి రావచ్చు. ఆ వాక్యం నోటి దాకా వచ్చేది. అప్పుడే అన్న చిన్నబిడ్డ బడి నుంచి నా వెనకే పలక పట్టుకొని నడుస్తూ కనిపించేది.

భీవండి నుంచి అన్న రాసినట్టు నేనే ఒక ఉత్తరం రాశాను. అన్న రాసే విధంగా, తప్పులతో సహా. రాయడం అయ్యాక గుర్తొచ్చింది, పోస్టు ముద్ర ఎక్కడి నుంచి తేవాలి? మా పోస్టుమ్యాన్ ఏ ఉత్తరం ఏ ఊరిదో చెప్పి మరీ ఇచ్చే మనిషి. ఉత్తరాన్ని పొయ్యిలో పెట్టాను.

వదిన పరిస్థితి నాకంటే కష్టం. నల్లా దగ్గర ఆడవాళ్ళు ఆమె కుండ తామే నింపి ఇవ్వడం మొదలుపెట్టారు. మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషిని చూసినట్టు చూసేవాళ్ళు. "గాయన నీ ఇంటికి గూడ వస్తుండు గదా, పైలంగ ఉండు" అన్నారట. ఆమె తల వంచుకొని కుండ ఎత్తుకొని వచ్చేది. తమ్ముడు ఆ ఇంటికి వెళ్ళడం మానేశాడు. మునుపు తనే వదినకు తీసుకెళ్ళి ఇచ్చే జీతం ఇప్పుడు నాతో పంపేవాడు.

మిల్లులో గరిటె అందించేవాళ్ళు వాడితో మాట్లాడటం మానేశారు. హాజరు పిలిచినప్పుడు వాడు అన్న పేరుకు పలికితే వెనక నుంచి ఎవరో, "డాక్టర్ సాబ్" అనేవాళ్ళట. చివరికి మేనేజరు పిలిపించాడు. ఆయన చెడ్డవాడు కాదు. పేరు మీద పని ఆయన ఎరగనిది కాదు. "నాకు తకరార్ ఏం లేదు. పనోళ్ళంతా అడుగుతుండ్రు. మీ అన్నను ఒక్కపూట తెచ్చి నిలబెట్టు, చాలు" అన్నాడు.

తమ్ముడు మర్నాడు దవాఖానకు వెళ్ళాడు. ఒక్కపూట సెలవు అడిగి తీసుకొద్దామని నేనే పంపించాను. పొడుగు చేతుల చొక్కా కూడా ఇచ్చి పంపాను. వాడు ఆ చొక్కాను అలాగే చంకలో పెట్టుకొని సాయంత్రానికి ఒక్కడే వచ్చాడు.

"అడిగినవా?"

"లే."

"ఎందుకు?"

"రెండు చేతులకు పట్టీలున్నయక్కా. పుండ్లు మానలే. ఇంకొకలు బువ్వ తినిపిస్తుండ్రు." కాళ్ళు కడుక్కుంటూ అన్నాడు. "నన్ను చూసి మిల్లు సంగతి అడిగిండు. పాకం మంచిగ వస్తుందా అని. వస్తుందన్న."

"మరి మేనేజరుకు ఏం చెప్తవు?"

వాడు చొక్కాను దండెం మీద వేసి పడుకున్నాడు. ఆ మర్నాడు మిల్లుకు వెళ్ళి, అందరి ముందూ చెప్పాడట. ఆ నంబరు నేనే గుంజుకున్న. అన్నకు ఇష్టం లేదు. కొట్లాడి ఎల్లగొట్టిన. ఇప్పుడు ఎక్కడున్నడో నాకు తెల్వదు. బిల్ల బల్ల మీద పెట్టి వచ్చేశాడు.

నాకు ఆ సంగతి బడిలో తెలిసింది. ఇంటికి వచ్చేసరికి వాడు లేడు. చివరి రోజు ఆట అట, సినిమాకు వెళ్ళాడు. వచ్చాక అన్నం పెట్టాను. తింటుంటే అడిగాను.

"అట్ల ఎందుకు చెప్పినవురా?"

"ఇగ ఎవ్వలు ఎతుకరు. ఎల్లగొట్టిండట, పోయిండట, అయిపాయె. చంపిండంటే పోలీసులొస్తరు, పోలీసులొస్తే దవాఖాన దాక పోతరు."

"నీ సంగతి?"

"నాకేమైతది? పెండ్లి గాలే, పిల్లలు లేరు."

అప్పుడు నేను చెప్పేశాను. "జనానాల మొదలు ఆ మాట అన్నది నేను."

"ఎరుకే" అన్నాడు. "నువ్వు చెప్పింది అబద్ధమా? పేరు మీదనే చేసిన గదా." కొంచెం పెరుగు వేయమని కంచం ముందుకు జరిపాడు. "సినిమా మంచిగనే తీసిండ్రు. గని గుమాస్తా గంత మంచిగ వైద్యం ఎట్ల నేర్చుకున్నడో చూపియ్యలే. నేర్చుకునుడు అల్కగ అయితదా?"

ఆ సినిమా గురించి నేను విన్న మాటల్లో ఆ ఒక్కటి ఇంకెవరూ అనలేదు.

ఊళ్ళో వాడికి పని దొరకలేదు. బాల్కొండ దగ్గర పోచంపాడు ప్రాజెక్టు పని నడుస్తున్న రోజులవి. అక్కడికి వెళ్ళి మట్టి పనిలో చేరాడు. పండుగలకు వచ్చేవాడు. చర్చిలో వెనక నిలబడి ముందే వెళ్ళిపోయేవాడు. నేను అక్కడికి వచ్చి ఉంటానంటే, నీ బడి ఎవరు చూస్తారన్నాడు. రెండో ఏడు కామెర్లు వచ్చాయి. నాకు కబురు అందేటప్పటికే ఆలస్యమైంది. లారీలో శవాన్ని తీసుకొచ్చాం. మట్టి చేయడానికి పాస్టరు అయ్యగారు, నేను, వదిన, ముసలవ్వ, ప్రాజెక్టు నుంచి వచ్చిన నలుగురు. మిల్లువాళ్ళు ఎవరూ రాలేదు. సమాధి మీద పేరు చెక్కించాను. వాడి సొంత పేరు.

ఆ మరుసటి ఏడు అన్నకు దవాఖానవాళ్ళు నయమైందని కాగితం ఇచ్చారు. మచ్చలు పోయాయి. ఎడమచేతి చిటికెన వేలు మాత్రం వంగి ఉంది. భీవండిలో మగ్గంలో పడిందని చెప్పడానికి ఆ ఒక్క వేలే పనికొచ్చింది. ఊరంతా వచ్చి చూసిపోయారు. బతికే ఉన్నాడన్నారు. చంపాడని తాము ఎప్పుడూ అనలేదన్నారు.

పెద్దబిడ్డకు అప్పుడే వేల్పూర్ నుంచి సంబంధం మాట్లాడుతున్నారు. ఒక శనివారం అన్న మా ఇంటికి వచ్చాడు. వెనక వదిన. అన్న కూర్చోలేదు.

"రేపు చర్చిల నిలబడి చెప్తనమ్మా" అన్నాడు. "నా జబ్బు సంగతి, తమ్ముడు నా కోసం చేసిన సంగతి. సాక్ష్యం లెక్క చెప్త. వాడు దొంగ అన్నట్టు ఊరంత అనుకుంటుంటే నేను గీ ఊర్ల ఎట్ల తిర్గాలె?"

ఆ మాట కోసం నేను మూడేళ్ళుగా ఎదురుచూస్తున్నాను. వదిన గుమ్మం దగ్గర నిలబడి ఉంది. వద్దని ఒక్క మాట ఆమె అని ఉంటే నాకు కోపమైనా వచ్చేది. కొంగు కొస వేళ్ళకు చుట్టుకుంటూ, విప్పుతూ నేల వైపు చూస్తోంది.

"వేల్పూరోళ్ళు ఏమంటరన్నా?" అన్నాను.

అన్న వదిన వైపు చూశాడు.

"ఇద్దరు పిల్లలు. చిన్నది ఇంకా బడికి వస్తుంది."

"మరి వాడు?"

"వాడు చెప్పినంక మనం మార్చుడు ఎందుకన్నా? వద్దు."

అన్న గోడకు ఆనుకొని కూర్చుండిపోయాడు. వదిన లోపలికి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. నేను వెనక్కి తీసుకోలేదు, పట్టుకోనూ లేదు.

మర్నాడు చర్చిలో సాక్ష్యాలకు సమయం ఇచ్చినప్పుడు అన్న లేచి నిలబడ్డాడు. దేవుడు నన్ను క్షేమంగా ఇంటికి తెచ్చిండు అని ఒక్క ముక్క అని కూర్చున్నాడు. ప్రార్థన అయ్యాక ఒక్కడే వెనక ఉన్న సమాధుల దొడ్డికి వెళ్ళాడు. తమ్ముడి సమాధి దగ్గర తువాల తీసి చాలాసేపు నిలబడ్డాడు. అందరూ చూశారు.

గేటు దగ్గర గాజులామె నన్ను ఆపింది. మనసులో చెడు లేని మనిషి. ఆమె ఏ చర్చికీ వచ్చేది కాదు. బజారుకు పోతూ ఆగింది. అన్న వైపు చూపించి, తగ్గు గొంతుతో చెప్పింది.

"తన పని గుంజుకున్నోని కాడికి సుత పోయి దండం వెట్టిండు. గంత పెద్ద మనసు ఎవలికుంటది? మాఫ్ చేసిండు టీచరమ్మా. ఇగ నువ్వు సుత రంది వెట్టుకోకు."

ఆమె నా జవాబు కోసం నిలబడి ఉంది. అవునన్నాను.